ప్రేగులలోని బాక్టీరియాలను శరీరమేల సహించుచున్నది?

జీవశాస్త్ర తరగతిలో రోగనిరోధక వ్యవస్థను గూర్చి పాఠము జరుగుచుండగా, పాఠశాల చదువంతయు ఉర్దూ మాధ్యమములో ముగించి వచ్చిన మా మిత్రుడొకడు లేచి ఒక ప్రశ్న వేసినాడు. "వేలిలో ముల్లు గ్రుచ్చుకొన్నచో, దాని వెంట లోనికి పోయిన కొద్దిపాటి క్రిములకే వేలు వాచి, ఎర్రబడి, చీము పట్టును గదా సార్! కడుపు నిండ క్రిములున్నవని మీరే చెప్పినారు. మరి కడుపెందుకు వాచదు?" తరగతి నవ్వినది. ఉపన్యాసకులు మాత్రము నవ్వలేదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకి కళాశాల సంచికకు వ్రాయుమని నవ్విన వారికే అప్పగించినారు. ఆ నవ్విన వారము మేమే.

వెదకిన కొలది ఆ ప్రశ్న ఎంత లోతైనదో మాకు తెలియవచ్చినది. మానవ శరీరములోని బాక్టీరియాల సంఖ్య మన స్వంత కణముల సంఖ్యకు పది రెట్లని అనేక పుస్తకములు చిరకాలము వ్రాయుచు వచ్చినవి. 2016లో ఇజ్రాయెల్ దేశపు పరిశోధకులు ఆ లెక్కను సరిచేసినారు. సగటు మనుష్యునిలో బాక్టీరియాలు సుమారు 38 లక్షల కోట్లు. స్వంత కణములు సుమారు 30 లక్షల కోట్లు. పది రెట్లు కాకున్నను మనతో సమానమైన జనాభాయే. వీనిలో అత్యధిక భాగము పెద్దప్రేగులో నివసించుచున్నది. అన్నింటిని కలిపి తూచినచో 200 గ్రాములకు మించదు.

వీనికిని మన రక్తమాంసములకును మధ్యనున్న అడ్డుగోడ ఎంత మందము? ఒకే ఒక వరుస కణములు. ఆ వరుస సైతము నాలుగైదు రోజులకొకసారి రాలిపోయి క్రొత్తది పుట్టుచుండును. దీనిని మందముగా కట్టుటకు వీలు లేదు. ఏలయన తిన్న ఆహారము ఆ గోడ గుండనే లోనికి పోవలెను. ముడుతలన్నియు విప్పి పరచినచో జీర్ణనాళపు లోపలి తలము సుమారు 30 చదరపు మీటర్లుండునని అంచనా. మా పాఠ్యపుస్తకము శరీరమును కోటతో పోల్చినది గాని, ఈ చోట ఆ పోలిక చెల్లదు. ఇది కోటగోడ కాదు, రేయింబవళ్లు సరకు దిగుచుండు రేవు.

ఈ రేవునకు కాపలా లేకపోలేదు. పెద్దప్రేగు గోడపై రెండు పొరల శ్లేష్మముండును. బాక్టీరియాలు పై పొరలో తిరుగాడును; లోపలి పొర దాదాపు నిర్జీవముగా నుండును. దానికి తోడు ఐజి-ఎ అను ప్రతిరక్షకము ప్రతిదినము గ్రాముల కొలదిగా ప్రేగులోనికి స్రవించి, బాక్టీరియాలకు అంటుకొని వానిని గోడకు దూరముగా నుంచును. అయినను కొన్ని బాక్టీరియాలు, వాని శకలములు గోడ వరకు రాక మానవు. గోడ వెనుక నున్న తెల్ల రక్తకణములు వానిని చూడక మానవు. అసలు ప్రశ్న అక్కడ మొదలగును.

మిత్రుని ప్రశ్నకు మూడు విధములుగా సమాధానము చెప్పవచ్చును. మన రక్షణ కణములకు ఈ బాక్టీరియాలు శత్రువులుగా తోచవు, వానిని అవి గుర్తింపవు అనునది మొదటిది. గుర్తించినను పోరాడు శక్తి వానికి లేదనునది రెండవది. గుర్తించును, పోరాడగలవు, కాని వానిని పట్టి ఆపుచున్నవారెవరో ఉన్నారనునది మూడవది. మొదట మేము ఒకటవ సమాధానమునే నమ్మితిమి. అది పొరపాటు. ఆరోగ్యవంతుల రక్తములోను, ప్రేగు గోడలోను తమ ప్రేగు బాక్టీరియాలను గుర్తించు టి-కణములు సమృద్ధిగా ఉన్నవని 2017లో వెలువడిన పరిశోధన చూపినది.

రెండవ సమాధానము అంతకు చాల ముందే వీగిపోయినది. 1990ల ఆరంభములో ఫియోనా పౌరీ, ఆమె సహచరులు చేసిన ప్రయోగమును కొంచెము నిదానముగా చెప్పవలెను. స్వంత టి-కణములు లేకుండ పుట్టిన చిట్టెలుకలను వారు తీసికొన్నారు. ఆరోగ్యముగానున్న మరియొక చిట్టెలుక నుండి సహాయక టి-కణములను తీసి, వానిని రెండు తెగలుగా విడదీసినారు. అంతవరకు ఏ పోరాటమును ఎరుగని క్రొత్త కణములు ఒక తెగ, అనుభవము గల కణములు రెండవ తెగ. మొదటి తెగను మాత్రమే ఎక్కించిన చిట్టెలుకలకు కొన్ని వారములలో పెద్దప్రేగు వాచి, విరేచనములు పట్టి, అవి చిక్కి శల్యమైనవి. రెండు తెగలను కలిపి ఎక్కించినప్పుడు ఏ రోగమును రాలేదు. అనగా దాడి చేయగల కణములు ఆరోగ్యవంతమైన జీవిలోనే ఉన్నవి. వానిని ఆపు కణములు కూడ ఆ జీవిలోనే వాని ప్రక్కన ఉన్నవి. దాడికి గురియైనవి ఏవి? అదే కాలమున ఇంటర్‌ల్యూకిన్-10 అను పదార్థము లేని చిట్టెలుకలలో ఇట్టి రోగమే కనిపించినది. వానిని పుట్టుక నుండి ఏ సూక్ష్మజీవియు లేని గదిలో పెంచినప్పుడు ప్రేగు వాయలేదు. కలహమంతయు బాక్టీరియాల విషయముననే.

కావున మూడవ సమాధానమే నిలిచినది. కడుపు వాచకుండుట సహజస్థితి కాదు. అనుక్షణము కొన్ని కణములు పని చేయుట చేత నిలుచు స్థితి. ఈ కణములకు నియంత్రక టి-కణములని పేరు.

ఇచట భాషను గూర్చి ఒక మాట. తెలుగులో 'రోగనిరోధక శక్తి' అందుము, ఉర్దూలో 'ఖువ్వతె ముదాఫఅత్' అందురు. రెండింటిలోను శక్తి, ఎదిరింపు ఉన్నవి; నిగ్రహమునకు చోటు లేదు. రెండు భాషలవారమును ఒకే పొరపాటు ఊహతో తరగతిలో కూర్చుంటిమి కాబోలు. 'బర్దాష్త్' అను మాటను దీనికి చేర్చవలెనని మా మిత్రుని సూచన. ఓర్చుకొనుట ఊరకుండుట కాదని వాని వాదము.

ఈ కణములను కనుగొన్న కథ సూటిగా సాగలేదు. శరీరము తన్ను తాను సహించుట పుట్టుకతో వచ్చునది కాదు, ఆర్జించుకొనునది అను సిద్ధాంతమునకు బర్నెట్, మెడవార్ అను శాస్త్రజ్ఞులకు 1960లో నోబెల్ బహుమతి లభించినది. టి-కణములు గుండెకు పైభాగముననున్న థైమస్ గ్రంథిలో తయారగును. అచటనే స్వంత శరీరముపై గురిపెట్టు కణములలో పెక్కింటిని గ్రంథి నిర్మూలించును. సహనమంతయు ఇంతే, దోషులను ముందే ఏరివేయుటయే అని చాలమంది తలచినారు. కాని 1969లో జపానులో నిషిజుకా, సకాకురా అను పరిశోధకులు పుట్టిన మూడవ దినమున చిట్టెలుకల థైమస్‌ను తొలగించి చూచినారు. టి-కణముల మూలమే పోయినది గనుక రక్షణ తగ్గవలెను. జరిగినది వేరు. ఆ చిట్టెలుకల శరీరము తన అండాశయములనే నాశనము చేసికొన్నది. థైమస్ నుండి కొంచెము ఆలస్యముగా బయలుదేరు కణములేవో ఇతర కణములను అదుపులో ఉంచుచుండవలెనని దీని తాత్పర్యము.

1970లలో 'అణచివేయు టి-కణములు' అను పేరుతో ఈ భావము విశేష ప్రచారము పొందినది. పిమ్మట 1980లలో అపఖ్యాతి పాలైనది. ఆ కణములకు గుర్తుగా చెప్పబడిన అణువునకు తగిన జన్యువు, వెదకిన చోట లేనే లేదని తేలినది. ఆ మాట ఎత్తిన వారిని తోటి శాస్త్రజ్ఞులు సందేహముగా చూచు కాలము వచ్చినది. సాక్ష్యము తప్పినంత మాత్రమున సంగతి తప్పు కానక్కర లేదని పట్టుదలతో వెదకినవాడు షిమోన్ సకగుచి. 1995లో ఆయన సి.డి.25 అను అణువును పైతలమున ధరించిన కొద్దిపాటి సహాయక టి-కణములే ఈ నియంత్రకములని చూపినాడు. వానిని తీసివేసినచో రోగము. తిరిగి చేర్చినచో స్వస్థత.

రెండవ దారి అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాల నుండి వచ్చినది. 1940లలో అచటి చిట్టెలుకలలో చర్మము పొలుసులు కట్టి, కొన్ని వారములకే మరణించు మగ పిల్లలు పుట్టినవి. దశాబ్దముల తరువాత మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ లోపము ఎక్స్ క్రోమోసోముపై ఏ జన్యువులో ఉన్నదో పట్టుకొని, దానికి ఫాక్స్‌పి3 అని పేరిడి 2001లో ప్రకటించినారు. ఆ జన్యువే నియంత్రక టి-కణములను నియంత్రకములుగా చేయునదని 2003లో సకగుచి మొదలగువారు నిరూపించినారు. ఈ మువ్వురికి 2025లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి ఇచ్చినారు.

ఈ జన్యువు మనుష్యులలోను ఉన్నది. అది చెడిన మగశిశువుల రోగమును 1982లోనే వైద్యులు వర్ణించియుండిరి గాని కారణము తెలియలేదు. ఐపెక్స్ అని దాని పేరు. శిశువు పుట్టిన కొద్ది వారములకో, నెలలకో ఆగని విరేచనములు పట్టుకొనును. ప్రేగు గోడ తిండిని పీల్చుకొనజాలదు. దానితో పాటు మధుమేహము, గజ్జి వంటి చర్మరోగము. చికిత్స లేనిచో అనేకులు రెండేండ్లు నిండక మునుపే మరణింతురు. ఎముక మజ్జ మార్పిడి చేయగలిగినచో కొందరు బ్రదుకుదురు. ఆ శిశువులలో రక్షణ శక్తి తక్కువ కాదు. దానిని పట్టి ఉంచు చేయి లేదు, అంతే. మేము చదివిన వానిలో మమ్ము ఎక్కువగా కలచివేసినది ఇదే. అన్నిటి కంటె ముందు దెబ్బతినునది ప్రేగు అనుట కూడ గమనింపవలెను.

థైమస్‌లో పుట్టు నియంత్రక కణములు ముఖ్యముగా స్వంత శరీరపు అణువులను గుర్తించును. ప్రేగు బాక్టీరియాలు స్వంతము కావు. థైమస్ వానిని ప్రాయికముగా చూడదు. కావున వానికొరకు నియంత్రకములు ప్రేగు ప్రాంతములోనే క్రొత్తగా తయారు కావలెను. ప్రేగు గోడలో చుక్క వలె కొమ్మలు చాచియుండు డెండ్రైటిక్ కణములు బాక్టీరియా శకలములను పట్టుకొని సమీపపు లింఫు గ్రంథులకు కొనిపోవును. అచట అనుభవము లేని టి-కణమునకు ఆ శకలమును చూపును. చూపునప్పుడు టి.జి.ఎఫ్.-బీటా అను పదార్థము, విటమిన్ ఎ నుండి తయారగు రెటినోయిక్ ఆమ్లము పరిసరములో ఉన్నచో, ఆ టి-కణములో ఫాక్స్‌పి3 మేల్కొనును. అది యోధునిగా కాక నియంత్రకముగా మారి, ప్రేగునకే తిరిగి వచ్చును. 2007లో ఈ సంగతి వెల్లడియైనది. మునగాకులో, మామిడిపండులో దొరకు పదార్థమునకు ఇంతటి పని ఉన్నదని తెలిసి మేము ఆశ్చర్యపడితిమి. అయితే విటమిన్ ఎ అధికముగా తిన్నచో సహనము అధికమగునని ఎవరును తలచరాదు, దాని మితిమీరిన మోతాదు విషము. శకలములను చూపు కణములు డెండ్రైటిక్ కణములేనా అను విషయమున 2022లో మూడు బృందములు వేరు అభ్యర్థులను ముందుకు తెచ్చినవి. వాని పేరు, పుట్టుపూర్వోత్తరములను గూర్చి వాదము నడచినది.

రక్తములోని సహాయక టి-కణములలో నియంత్రకములు నూటికి 5 నుండి 10 వరకు ఉండగా, చిట్టెలుకల పెద్దప్రేగు గోడలో 20, 30 వరకు ఉండును. పని ఎక్కువగా ఉన్న చోట పనివారు ఎక్కువ. వాని పద్ధతులు అనేకము. ఇంటర్‌ల్యూకిన్-10ను వెదజల్లి చుట్టునున్న కణముల ఆవేశమును తగ్గించును. యోధ కణములకు పెరుగుటకు కావలసిన ఇంటర్‌ల్యూకిన్-2ను తామే త్రాగివేయును. వంటశాలను ఆక్రమించి సైన్యమును కదలనీయని ఉపాయమిది. సి.టి.ఎల్.ఎ.-4 అను అణువుతో డెండ్రైటిక్ కణములపైనుండు ప్రేరక అణువులను ఊడ్చివేయును. ఈ చివరి దానికి సాక్ష్యము ప్రయోగశాలలోనే గాక ఆసుపత్రిలోను దొరికినది. కేన్సరు మీదికి రోగి స్వంత టి-కణములను ఉసిగొల్పుటకై సి.టి.ఎల్.ఎ.-4ను అడ్డగించు ఇపిలిముమాబ్ అను మందునకు 2011లో అమెరికాలో అనుమతి లభించినది. అది కొందరికి ప్రాణదానము చేసినది. కాని తీసికొన్నవారిలో అనేకులకు విరేచనములు, కొందరికి తీవ్రమైన పెద్దప్రేగు వాపు వచ్చినవి. కళ్లెము వదలినంతనే గుఱ్ఱము ఏ వైపు పరుగిడినదో చూడుడు.

సహనము ఏకపక్షము కాదనుట ఇంకను రసవత్తరము. సూక్ష్మజీవులు లేకుండ పెంచిన చిట్టెలుకల పెద్దప్రేగులో నియంత్రక కణములు తక్కువ. జపానులో కెన్యా హోండా బృందము క్లాస్ట్రిడియా వర్గపు బాక్టీరియాలను వానికిచ్చినప్పుడు నియంత్రకములు వృద్ధి పొందినవి, ఇది 2011లో. 2013లో ఆరోగ్యవంతుడైన మనుష్యుని మలము నుండి ఇదే పని చేయు 17 రకములను వేరుచేసినారు. క్లాస్ట్రిడియా యనగానే ధనుర్వాతము తలపునకు వచ్చును. కాని ఆ పేరు గల వంశములో దుష్టులు కొందరే. అదే 2013లో మూడు వేర్వేరు బృందములు ఈ కార్యమునకు ఒక సాధనమును చూపినవి. మనము జీర్ణించుకొనలేని పీచును పెద్దప్రేగులోని బాక్టీరియాలు పులియబెట్టి బ్యూటిరేట్ మొదలగు చిన్న కొవ్వు ఆమ్లములను చేయును. ప్రేగు గోడ కణములకు బ్యూటిరేట్ ముఖ్యాహారము. అంతే కాక అది టి-కణములలో ఫాక్స్‌పి3 జన్యువు తెరచుకొనుటకు తోడ్పడును. జొన్నరొట్టె, రాగిసంకటి, చిక్కుళ్లు, పొట్టు తీయని పప్పులు మనకు ఇచ్చు పీచు ఆ విధముగా వినియోగపడును. బ్యూటిరేట్ అను పేరు వెన్న నుండి వచ్చినదని, నేతిలో ఆ ఆమ్లమున్నదని విని, మాలో ఒకడు పీచునకు బదులు నేయి చాలునని సంతోషించినాడు. నేతిలోని ఆమ్లము చిన్నప్రేగులోనే పీల్చుకొనబడి పెద్దప్రేగు వరకు పోదని చెప్పి వానిని నిరాశపరుపవలసి వచ్చినది.

పారిస్‌లోని పాస్టర్ సంస్థలో పనిచేసిన మెచ్నికాఫ్, 1908లో నోబెల్ బహుమతి పొందిన మహనీయుడు, పెద్దప్రేగు మనకొక అనవసరపు భారమని, దానిలోని బాక్టీరియాల విషము వలననే వార్ధక్యము వచ్చునని తలచినాడు. విరుగుడుగా పుల్లని పెరుగు తినుమన్నాడు. అదే సంస్థ నుండి 2019లో వెలువడిన పరిశోధన వేరొక సంగతి చెప్పినది. చిట్టెలుక పిల్లలు తల్లిపాలు విడిచి తిండికి మరలు రోజులలో, క్రొత్త బాక్టీరియాలు ప్రేగులో నిండి రక్షణ వ్యవస్థను ఒక్కసారి బలముగా కదల్చును. నియంత్రక కణములు కూడ అప్పుడే పెరుగును. ఆ కొద్ది రోజులలో యాంటీబయాటిక్ మందులచే ఆ కదలికను ఆపినచో, ఆ చిట్టెలుక పెద్దదైన పిమ్మట పెద్దప్రేగు వాపునకు సులభముగా లోబడును. తరువాత బాక్టీరియాలను ఇచ్చినను ఆ లోటు తీరలేదు. చిట్టెలుకల వారములను మన పిల్లల నెలలకు అప్పుడే అన్వయించుట తగదు. అయినను పసిబిడ్డకు రెండు విరేచనములైన వెంటనే చీటీ లేకుండ మందుల దుకాణములో యాంటీబయాటిక్ కొని తెచ్చు ఆచారము మా ఇండ్లలోను ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. పసిపిల్లల నీళ్ల విరేచనములలో అధిక భాగము వైరసుల వలన వచ్చును, వానిపై ఆ మందు పనిచేయదు. ఉప్పు చక్కెర కలిపిన నీరే అచట ప్రాణరక్షకము.

క్రోన్ వ్యాధి, వ్రణములతో కూడిన పెద్దప్రేగు వాపు అను దీర్ఘ రోగములలో ఈ సహనము చెడిపోవును. ఒకప్పుడు పాశ్చాత్యుల రోగములనబడిన ఇవి ఇప్పుడు మన దేశములోను పెరుగుచున్నవి. ఐపెక్స్ వలె ఒకే జన్యువు వీనికి కారణము కాదు. పెక్కు జన్యువులు, ఆహారము, బాక్టీరియాల మార్పు కలిసి వచ్చును. రోగి స్వంత నియంత్రక కణములను బయట పెంచి తిరిగి ఎక్కించు యత్నములు జరిగినవి. 2012లో ప్రకటించిన ఒకదానిలో 20 మంది క్రోన్ రోగులకు అట్లు చేయగా, ప్రమాదము లేకుండ కొందరికి గుణము కనిపించినది. అంతమాత్రముతో దానిని చికిత్స అనరాదు.

ఇంతవరకు వ్రాసి మిత్రునికి చదివి వినిపించితిమి. వాడు సంతోషించక మరియొక ప్రశ్న వేసినాడు. "అట్లయినచో టైఫాయిడ్ క్రిమిని కూడ సహింపవలెను గదా? ఇది చుట్టము, ఇది దొంగ అని ఆ కణమునకు ఎవరు చెప్పుదురు?" కొంత వరకు సమాధానము దొరికినది. టైఫాయిడ్ క్రిమి గోడను ఛేదించి లోనికి చొరబడును. కణములు గాయపడినప్పుడు వెలువడు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థములు అచట చేరినచో, అదే టి.జి.ఎఫ్.-బీటా నియంత్రకమును గాక ఉగ్రమైన యోధ కణమును పుట్టించును. శకలమును చూచుటతో పాటు, దానిని ఏ పరిస్థితిలో చూచినది అనుటను బట్టి కూడ టి-కణము తన దారి నిర్ణయించుకొనును. ఇంకొక చిత్రము కలదు. చిట్టెలుకల ప్రేగులో నివసించు హెలికోబాక్టర్ హెపాటికస్ అను బాక్టీరియా, ఆరోగ్యముగానున్న చిట్టెలుకలో తన్ను కాపాడు నియంత్రక కణములనే పుట్టించును. ఇంటర్‌ల్యూకిన్-10 లోపించిన చిట్టెలుకలో అదే బాక్టీరియా తనపై దాడి చేయు కణములను పుట్టించును. అట్లయినచో అది చుట్టమా, దొంగయా అని మిత్రుడు మరల అడిగినాడు. ఉపన్యాసకులు ఈసారి ఆ పనిని వానికే అప్పగించి, వచ్చే సంచికకు ఉర్దూలో వ్రాయుమన్నారు.